పక్కాయనకి చేసిన సేవ

వానాకాలంలో దర్జీ కొట్టుకి పెద్దగా బేరాలుండవు. కుట్టిన బట్ట ఆరదు, ఇస్త్రీ చేసినా చెమ్మ వాసన వదలదు. ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. నేను మిషను ముందు కూర్చుని ఎవరిదో పాత పంట్లాము అంచులు విప్పుతుంటే, మా మనవరాలు బడి నుంచి తడిసి ముద్దయి వచ్చి నేరుగా కొట్లోకి దూరింది.

దాన్ని ఇంట్లో అందరం చీమ అంటాం. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి మోసుకుంటూ తిరగడమే దాని పని. చదువులో మధ్యరకం. ఆటల్లో అంతకన్నా కింద. బళ్ళో ఏ సభ జరిగినా దాన్ని పిలిచి చేతిలో బహుమతిగా ఒక గిన్నె పెట్టినవాళ్ళు లేరు. వాళ్ళ నాన్న, అంటే మా అబ్బాయి, బస్సు డ్రైవరు. ఏ సభకీ వెళ్ళే అవసరం పడలేదు వాడికి.

"తాతా, నేను పతకం తెచ్చుకుంటున్నా" అంది జడ పిండుకుంటూ.

"ఎప్పుడిచ్చారు?"

"ఇవ్వలేదు, బళ్ళో ఇస్తారు. వానలు తగ్గేలోపు నాలుగు పనులు పూర్తి చేస్తే కంచు పతకం. చేసినవాళ్ళందరికీ ఇస్తారు తాతా! ఫస్టూ సెకండూ ఉండవు."

ఆ చివరి మాట అనేటప్పుడు దాని మొహం చూడాల్సింది.

నాలుగు పనులేమిటో అదే చెప్పింది. ఒంటికి ఒకటి: రోజూ పొద్దున్నే పరుగు. చేతికి ఒకటి: నా దగ్గర కుట్టు నేర్చుకుంటుందట, అది ఇంట్లోవాళ్ళ దగ్గర నేర్చుకున్నా తప్పు లేదట. మూడోది, జట్టుగా వీపున సంచులు వేసుకుని కొండదారిన నడిచి, రాత్రికి గుడారంలో పడుకుని తిరిగి రావడం. నాలుగోది సేవ.

"సేవ మాత్రం మన ఇంట్లోవాళ్ళకీ చుట్టాలకీ చేస్తే ఒప్పుకోరు. బయటివాళ్ళకే చెయ్యాలి" అంది.

"మంచిది" అన్నాను. మామూలుగా నా మాటలు అంతటితో అయిపోతాయి.

"అందుకే పక్కాయనకి చేస్తానని చెప్పేశా."

పంట్లాము నా చేతిలోంచి జారి కింద పడింది.

పక్కాయన నా తోడబుట్టిన అన్న. ఇల్లు మా నాన్నది, కొట్టూ ఆయనదే. అప్పట్లో అన్న కత్తిరించేవాడు, నేను కుట్టేవాణ్ణి. ఒకసారి ఎవరికో కుట్టిన కోటు ఛాతీ దగ్గర బిగుసుకుపోయింది. నువ్వు కుట్లలో గుడ్డ తినేశావని ఆయన, నువ్వే పొట్టిగా కత్తిరించావని నేను. కోటు మనిషి ఎటో వెళ్ళిపోయాడు, మా తగువు మాత్రం వెళ్ళలేదు. కొట్టునీ ఇంటినీ రెండుగా చీలుస్తూ నడిమధ్య ఒంటి ఇటుక గోడ లేచింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆయన పేరు పక్కాయన. పిల్లల్లేరు, వదిన పోయింది. ఇప్పుడు కళ్ళకి పొర కమ్మి కత్తెర కూడా పక్కన పెట్టేశాడు.

కోడలు మందుల కొట్టు నుంచి పని ముగించుకుని వచ్చాక ఈ కబురు విని చీర కొంగు దోపింది. ఆమె కొంగు దోపిందంటే ఎవరికో మూడినట్టే.

"ఊళ్ళో ముసలాళ్ళు కరువయ్యారా నీకు?"

"దగ్గర కదమ్మా. గొడుగు కూడా అక్కర్లేదు."

"వాళ్ళకీ మనకీ మాటల్లేవని తెలీదూ?"

"మాటలు మీకు లేవు. నన్ను మాట్లాడొద్దని ఎవరూ చెప్పలేదే!"

"పైగా ఆయన మీ తాతకి..." అంటూ కోడలు ఆగి నావంక చూసింది.

చీమ కూడా నావైపే తిరిగింది. "తాతా, నువ్వు చెప్పు. పక్కాయన మనకేమవుతాడు?"

ఆ ప్రశ్నకి మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే జవాబు.

"ఏమీ కాడు" అన్నాను.

"విన్నావా అమ్మా? ఏమీ కాడట. అంటే బయటివాడే."

కోడలు నెత్తి కొట్టుకుంది. "ఎన్నడూ నోరు విప్పని మనిషి, విప్పితే ఇదా మామయ్యా?"

మర్నాటి నుంచి చీమ సాయంత్రాలు గోడకి అవతలే. కంట్లో చుక్కలు వేసేది, నీళ్ళు పట్టి పెట్టేది, గది ఊడ్చేది, పేపరు చదివి వినిపించేది. ఒంటి ఇటుక గోడ దేన్నీ దాచదు. నేను మిషను దగ్గర కూర్చుంటే వాళ్ళు నా ఒళ్ళో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

"కంట్లో వెయ్యమంటే చెవిలో పోస్తావేం పిల్లా?"

"మీరు కదలకుండా ఉంటే కంట్లోనే పడుతుంది."

"చదువు చదువు. ఆ గొంతేమిటి? మంత్రిగారు పదవి పోగొట్టుకుంటే నువ్వెందుకు ఏడవడం, నీకేమన్నా మేనమామా?"

"ఆటల పేజీ చదవనా?"

"వద్దు. పోయినవాళ్ళ ఫొటోలు వేస్తారే, అది చదువు."

"రోజూ అదేనా?"

"నా పేరు పడిందేమో చూసుకోవద్దూ? నాకా కనపడదు."

చీమ పడీ పడీ నవ్వింది. నేనూ కాలు ఆపేశాను. వెంటనే అవతలి నుంచి, "పక్కన మిషను ఆగిందేం? చెవులు గానీ గోడకి అంటించారా?" అని వినిపించింది. సూదిలో దారం ఉందో లేదో కూడా చూసుకోకుండా గబగబా తొక్కడం మొదలుపెట్టాను.

పొద్దున్న పూట పరుగు. వాన పడుతున్నా సరే, తల మీద ప్లాస్టిక్ కవరు కట్టుకుని వీధి చివర దాకా పోయి వచ్చేది. మొదట్లో మధ్యలో కూలబడేది. పాలబ్బాయి సైకిలు మీద దాటిపోతూ, "చీమా, నన్ను దాటితే పాలు ఊరికే పోస్తా" అని ఏడిపించేవాడు. వానలు ముదిరేసరికి వాడు ఆ పందెం మాట ఎత్తడం మానేశాడు.

కొండదారికి సంచి కావాల్సి వచ్చింది. బజారులో కొనేది వద్దని, తనే కుట్టుకుంటానని పట్టుబట్టింది. లారీల మీద కప్పే మందపాటి గుడ్డ తెచ్చింది. నేను మిషనుకి లావు సూది వేసి, "కత్తిరించుకుని రా" అన్నాను. ఎక్కడ కత్తిరించాలో చెప్పలేదు. అది గుడ్డ చంకన పెట్టుకుని గోడవతలికి పోయింది.

ఆయన కళ్ళతో పని లేకుండా, జానా బెత్తా కొలిచి సుద్ద గీతలు గీయించాడు. "అక్కడ కాదు, ఇంకాస్త కిందికి. కత్తెర నోరు పూర్తిగా తెరువు, ఎలక కొరికినట్టు కొరక్కు!" ఆ అరుపులన్నీ నాకు వినిపిస్తూనే ఉన్నాయి. చీమ ముక్కలు తెచ్చి బల్ల మీద పరిచింది. మూలల దగ్గర ప్రతి ముక్కకీ కాస్త గుడ్డ ఎక్కువగా వదిలి ఉంది. నాతో కలిసి పనిచేసిన రోజుల్లో ఆయన అలాగే వదిలేవాడు.

"నీ కుట్టు గుడ్డ తింటుందట తాతా. అందుకని ఎక్కువ వదలమన్నాడు."

"ఆయన కత్తెరే పొట్టిదని చెప్పు."

"నేను చెప్పను. మీ ఇద్దరి మధ్య ఉత్తరాలు మొయ్యడం పతకంలో లేదు."

పట్టీలు అదే కుట్టింది. మొదటి కుట్టు పాములా పోయింది. విప్పించాను. రెండోది కూడా విప్పించాను. మూడోసారి, నేను విప్పమనకముందే అదే పెదవి కొరుక్కుంటూ విప్పుకుంది. అది చూశాక ఇక నేర్పేదేమీ లేదనిపించి లేచి టీ తాగడానికి పోయాను.

నడక నుంచి తిరిగి వచ్చినప్పుడు మోకాళ్ళ దాకా బురద, మడమ మీద ఇంత పొక్కు. సంచిలోకి చుక్క నీళ్ళు పోలేదట. "అందరికన్నా ఆఖర్న చేరాం తాతా. అయినా చేరాం!" అంటూ గడప మీద కూర్చుని బూట్లలోంచి నీళ్ళు ఒంపింది. నడక అయింది, పరుగు అయింది, కుట్టు అయింది. సేవలో ఇంకో వారం మిగిలింది. ఈలోగా ఈ పతకం పనులు చూసే ఆటల టీచరమ్మ వచ్చి, సేవ చేయించుకున్న మనిషిని కలిసి మాట్లాడిపోతుంది. అందరి పిల్లల విషయంలోనూ అంతేనట.

టీచరమ్మ వచ్చినరోజు జల్లు పడుతోంది. ఆమె గొడుగుతో నేరుగా పక్క గుమ్మం ఎక్కింది. చీమని ఇటే ఉండమన్నట్టుంది, అది మా కొట్టు తలుపు పట్టుకుని గోళ్ళు కొరుకుతూ నిలబడింది. నేను చొక్కాకి గుండీలు కుడుతున్నాను.

"అమ్మాయి సరిగ్గా వస్తోందా అండీ?" అంటోంది టీచరమ్మ.

"వస్తోంది. నోరు పెద్దది గానీ చెయ్యి మంచిది" అన్నాడు ఆయన.

చీమ నావైపు చూసి కళ్ళెగరేసింది.

"ఒక్క మాట అడగాలి. మీ బోర్డు మీదా పక్క కొట్టు బోర్డు మీదా ఒకటే ఇంటిపేరు ఉంది. మీకు చుట్టాలా?"

అవతల చేతికర్ర నేలకి తగిలిన చప్పుడు వినిపించింది.

"ఒకే ఇంటిపేరువాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. నేను వాళ్ళకేమీ కాను" అన్నాడు.

ఏళ్ళ తరబడి నేను అంటూ వచ్చిన మాటే అది. గోడ అవతలి నుంచి వినడం మాత్రం అదే మొదలు.

టీచరమ్మ దిగి మా గుమ్మంలోకి వచ్చింది. గొడుగు మూయలేదు, లోపలికి రాలేదు. త్వరగా పోదామన్నట్టే ఉంది. "పెద్దాయనా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. పక్కాయన మీకేమైనా అవుతారా? చెబితే నేను వెళ్ళిపోతాను."

చీమ నావంక చూసింది. అందులో బెదురేమీ లేదు. జవాబు ముందే తెలిసినవాళ్ళు చూసే చూపు అది.

నా పళ్ళ మధ్య దారం ఉంది. తీసి పక్కన పెట్టాను.

"మా అన్న" అన్నాను.

"అంటే... సొంత అన్నా?"

"సొంతే."

టీచరమ్మ అప్పుడు గొడుగు మూసి, లోపలికి వచ్చి కూర్చుంది. మంచి మనిషి. చీమ చెయ్యి పట్టుకునే మాట్లాడింది. "నువ్వు చెయ్యలేదని కాదమ్మా. చాలా బాగా చేశావు. కానీ సొంతవాళ్ళకి చేసేది మన బాధ్యత, అది సేవ కిందికి రాదు. వేరే ఎవరికైనా మొదటి నుంచి చెయ్యాలి. అందరితోపాటు ఈసారి పతకం అందదు. వచ్చే ఏడాది నీ పేరు ముందు పిలిపిస్తాను" అంది. చీమ తలూపింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా అలా ఊపుతూనే ఉంది.

ఆ తర్వాత నా మీదికి వచ్చింది.

"నువ్వే కదా ఏమీ కాడన్నావు!"

"అన్నాను."

"మరి?"

నేను మళ్ళీ గుండీ అందుకున్నాను.

"ఇన్నేళ్ళూ కాకుండా ఉన్నవాడు ఇవాళే అయ్యాడా? ఇంకొక్క వారం ఆగి ఉంటే ఏం పోయేది తాతా? ఒక్క వారం!"

లోపలికి పోయి తలుపేసుకుంది. అప్పట్నుంచి నాతో మాట మానేసింది. అన్నం వడ్డించమంటే వడ్డిస్తుంది, చెప్పులు ఇమ్మంటే ఇస్తుంది, నోరు మాత్రం విప్పదు. మా అబ్బాయి డ్యూటీ దిగి వచ్చి ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా భోంచేసి పడుకున్నాడు. కోడలే అంది: "అచ్చం మీ పోలికే మామయ్యా. ఇటుకలు తెప్పించమంటారా, మధ్యలో ఇంకో గోడ కట్టుకుందురు గాని?"

టీచరమ్మ వెనక వీధిలో మోకాళ్ళ నొప్పులతో ఉన్న ఒకావిడని కుదిర్చింది. చీమ బడి నుంచి అటే పోయేది. మా వీధిలోకి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది.

గోడ అవతల కుర్చీ గుమ్మం దగ్గరికి జరిగిన చప్పుడు వినిపించింది. వీధిలో ఎవరి అడుగులు పడినా, "చీమా, వచ్చావా?" అని కేక. అరటిపళ్ళ బండివాడు, "నేనండీ" అన్నాడు. ఎదురింటి ఆవిడ, "బడి నుంచి ఇంకా రాలేదేమో బాబాయిగారూ" అంది. వాన మళ్ళీ మొదలైంది. కుర్చీ వెనక్కి జరగలేదు.

నేను మిషను మీద గుడ్డ కప్పి, మా మెట్టు దిగి ఆయన మెట్టు ఎక్కాను.

"ఎవరూ?"

"నేను."

మొహం నావైపు తిప్పాడు. కళ్ళు ఎటో ఉన్నాయి. ముసలాడైపోయాడు. ఆయన నన్ను చూడగలిగితే అదే అనుకుని ఉండేవాడు.

"చీమ రాదా?"

"రాదు. వెనక వీధిలో పెట్టారు."

"ఏమని?"

"మనం చుట్టాలమని తేలింది."

"తేల్చినవాడెవడు?"

"నేనే."

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాడు. "బుద్ధుందిరా నీకు? కాదని చెప్పి పంపించాను కదా ఆవిడని! చిన్నపిల్ల, వానలో పరిగెత్తి పరిగెత్తి సంపాదించుకుంది. ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క అనేస్తే నీ సొమ్మేం పోయేది?"

"రాలేదు."

"ఏం రాలేదు?"

"ఆ ముక్క. నోట్లోంచి రాలేదు."

మళ్ళీ కూర్చున్నాడు. మొహం చూరు కింద నీళ్ళు పడుతున్న చోటికి తిప్పుకున్నాడు.

"నీకు మాటలెప్పుడు వచ్చి చచ్చాయి గనక" అన్నాడు. "మందు గూట్లో ఉంది. ఎర్ర మూతది కాదు, తెల్లది."

సీసా తీసి ఆయన తల వెనక్కి వంచి పట్టుకున్నాను. మొదటి చుక్క వదిలాను.

"అది చెంప" అన్నాడు.

రెండోది కంట్లో పడింది. ఆ రోజు నుంచి సాయంత్రం చుక్కలు నా వంతు అయ్యాయి. పేపరు చదవడం నా వల్ల కాలేదు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే, "ఆ పోయినవాడు నీ చదువు అయ్యేలోపు మళ్ళీ పుడతాడు" అన్నాడు. కోటు సంగతి కూడా ఎత్తాడు. మళ్ళీ పోట్లాడుకున్నాం. గోడకి ఇవతల కోడలు గిన్నెలు తోముతూ, "వింటున్నా, వింటున్నా" అని కేకేసింది. ఆ రాత్రి నుంచి ఆయన కంచం మా ఇంట్లోనే. ఎవరూ రమ్మని పిలవలేదు. కోడలు ఒక కంచం ఎక్కువ పెట్టింది, అంతే. చీమ ఆయనకి పప్పు వేసి, నెయ్యి వేసి, నా పక్కనుంచి గరిటె పట్టుకుని మౌనంగా పోయేది.

వానలు తగ్గాక బళ్ళో సభ పెట్టారు. ఎవరూ రానక్కర్లేదని చీమ ముందే వాళ్ళమ్మతో చెప్పేసింది. పతకాల పళ్ళెం పట్టుకునే పని టీచరమ్మ దానికి ఇచ్చిందట. ఆ మాట విని అన్న చేతికర్ర తీశాడు.

"నేనూ వస్తా."

"నీకేం కనపడుతుంది?"

"నువ్వు చెప్పు."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. హాలంతా ప్లాస్టిక్ కుర్చీలు, తడి గొడుగులు. ఆఖరి వరసలో కూర్చున్నాం. కూర్చున్న క్షణం నుంచే మొదలుపెట్టాడు.

"వేదిక మీద ఎవరు?"

"ఎవరో పెద్దమనిషి."

"పొడుగా పొట్టా?"

"పొట్టి."

"కోటు వేశాడా?"

"వేశాడు."

"కుట్టు ఎలా ఉంది?"

"భుజం జారింది."

తృప్తిగా తలాడించాడు. "చీమ?"

"వచ్చింది. పళ్ళెం పట్టుకుని ఆయన పక్కన నిలబడింది."

"మొహం ఎలా ఉంది?"

"మామూలుగానే ఉంది."

"మామూలుగా అంటే? నీతో ఇదే చావు. సరిగ్గా చెప్పరా."

చూశాను. "పళ్ళు బిగించింది. చేతులు మాత్రం వణకడం లేదు."

పేర్లు పిలుస్తున్నారు. దానితో కొండెక్కిన పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. పెద్దమనిషి పళ్ళెంలోంచి తీసి మెడలో వేస్తున్నాడు. ఒక పిల్ల పతకం వేయించుకుని, వెనక్కి తిరిగి చీమ భుజం తట్టి పోయింది. అదీ చెప్పాను. ఒకబ్బాయి మెట్టు తట్టుకుని పడబోయాడు. అదీ చెప్పాను. గొంతు ఎండిపోతోంది, అయినా ఆయన వదలడే.

"పళ్ళెంలో ఇంకా ఉన్నాయా?"

"తగ్గిపోతున్నాయి."

"ఇప్పుడు?"

"ఒక్కటి."

"అదెవరికి?"

"ఎవరో అబ్బాయికి. వేసేశారు."

"మరిప్పుడు?"

"ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడింది."

అన్న కర్ర నా ఒళ్ళో పడేసి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. అప్పటికి హాల్లో చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆయనకి అది కనపడదు. నాకు కనపడుతోంది. నేనూ కొట్టాను.

ఇంటికి వచ్చేటప్పుడు చీమ చాలా ముందు నడిచింది. మా నడకకి వీధులు పొడుగవుతున్నాయి. మలుపు దగ్గర ఆగింది. మేం దగ్గరికి చేరేదాకా గుంటలో నీళ్ళు కాలితో చిమ్ముతూ నిలబడింది.

"హాలంతా మీ ఇద్దరి గొంతులే" అంది. నావైపు చూసే అంది.

"అంత దూరం వినపడిందా?"

"భుజం జారిందన్నావు చూడు, అది ఆ పెద్దమనిషిక్కూడా వినపడింది తాతా. గబుక్కున సర్దుకున్నాడు."

అన్న నవ్వడం మొదలుపెట్టి దగ్గులోకి పోయాడు. చీమ వచ్చి ఆయన రెండో చెయ్యి పట్టుకుంది. బురద దాటించాక మాకు వినపడేటట్టు చెప్పింది:

"వచ్చే ఏడాది నా మెడలో వేసేటప్పుడు మాత్రం కొంచెం మెల్లగా మాట్లాడుకోండి."